పరిగెత్తితే స్పృహ తప్పే పిల్లాడికి ఈసీజీ నార్మల్ వస్తే గుండె బాగున్నట్టేనా?

విశాఖపట్నం మధురవాడ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. బాబుకి 11 ఏళ్లు. స్కూల్లో పరుగు పందెం మధ్యలో ఒకసారి స్పృహ తప్పి పడిపోయాడు. తర్వాత రుషికొండ బీచ్‌లో పెద్ద అల మీదికి వస్తే భయపడి మళ్లీ పడిపోయాడు. రెండోసారి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. ఫిట్స్ అని మందు మొదలుపెట్టారు. మెదడుకి తీసిన ఈఈజీ, గుండెకి తీసిన ఈసీజీ, ఎకో అన్నీ నార్మల్. వాళ్లది మేనరికం. మరిది 19వ ఏట కబడ్డీ ఆడుతూ గ్రౌండ్‌లోనే చనిపోయాడు. ఇప్పుడు ఇంకో డాక్టర్ గారు "ఇది వంశపారంపర్యంగా వచ్చే గుండె దడ జబ్బు కావచ్చు" అన్నారట. నిజమేనా, నయమవుతుందా, ఏడేళ్ల పాపకి కూడా వస్తుందా అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, ఆ డాక్టర్ గారి అనుమానం చాలా సరైనది. బాబుని చూడకుండా నేను జబ్బు ఖాయం చేయలేను. కానీ మీరు రాసిన నాలుగు విషయాలు, అంటే పరిగెత్తినప్పుడు పడిపోవడం, భయపడినప్పుడు పడిపోవడం, ఇంట్లో కుర్రవాడు ఆటలో హఠాత్తుగా పోవడం, మేనరికం, ఒకే ఇంట్లో కలిసి కనిపిస్తే ముందు గుండె వైపే చూడాలి. ఈ వారంలోనే పిల్లల గుండె డాక్టర్‌కి గానీ, గుండె లయ జబ్బులు చూసే డాక్టర్‌కి గానీ చూపించి ట్రెడ్‌మిల్ టెస్ట్, అంటే కదిలే పట్టీ మీద నడిపిస్తూ, పరిగెత్తిస్తూ ఈసీజీ తీసే పరీక్ష, చేయించండి. అది అయ్యేదాకా పరుగు, ఈత, సముద్ర స్నానం, మెట్లెక్కే పోటీలు, కబడ్డీ, క్రికెట్ అన్నీ ఆపేయండి. ఫిట్స్ మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. పరీక్ష ఫలితం వచ్చాక దాన్ని ఉంచాలో తీసేయాలో ఆ మందు రాసిన డాక్టరూ, గుండె డాక్టరూ మాట్లాడుకుని చెబుతారు.

ఇక నయమవుతుందా అన్నదానికి సూటిగా చెబుతాను. నేను అనుమానిస్తున్న జబ్బే అయితే పూర్తిగా పోదు, కానీ మందుతో బాగా అదుపులో ఉంటుంది. రోజూ మందు వేసుకుంటూ, కొన్ని జాగ్రత్తలు పాటిస్తూ చదువుకుని, ఉద్యోగాలు చేసుకుని, పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లు నా దగ్గరికి ఇప్పటికీ చెకప్‌కి వస్తున్నారు. గుర్తించకుండా వదిలేస్తేనే ప్రమాదం. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఆ జబ్బు పేరు కాటెకోలమినర్జిక్ పాలీమార్ఫిక్ వెంట్రిక్యులర్ టాకికార్డియా. నోరు తిరగని పేరు కాబట్టి డాక్టర్లందరూ సీపీవీటీ అంటారు. దాదాపు పది వేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. 1978లో ఫ్రెంచ్ వైద్యుడు కూమెల్, ఆయన బృందం నలుగురు పిల్లల్లో దీన్ని వివరించారు. 1995లో లీనార్ట్ బృందం 21 మంది పిల్లల వివరాలు ప్రచురించింది. ఆ పిల్లల్లో మొదటిసారి పడిపోయినప్పటి నుంచి జబ్బు పేరు తెలిసేసరికి సగటున రెండేళ్లు పట్టింది. ఈ రోజుకీ మన దగ్గర ఆ ఆలస్యం జరుగుతూనే ఉంది. కారణం మీకు ఇప్పటికే అనుభవమైంది: కూర్చుని, పడుకుని తీసే పరీక్షల్లో ఈ జబ్బు కనపడదు.

ఎందుకు కనపడదో చెబుతాను. గుండె కండరంలో ప్రతి కణం లోపల కాల్షియం నిల్వ ఉండే చిన్న సంచి ఉంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ సంచి తలుపు తెరుచుకుని కొంత కాల్షియం బయటికి వస్తుంది, కండరం ముడుచుకుంటుంది, మళ్లీ ఆ కాల్షియం లోపలికి వెళ్లిపోతుంది. ఈ పిల్లల్లో ఆ తలుపు పుట్టుకతోనే బలహీనం. మేహాద్రిగెడ్డ రిజర్వాయర్‌కి గేటు సరిగ్గా బిగుసుకోలేదనుకోండి. నీళ్లు తక్కువున్నప్పుడు ఎవరికీ తెలియదు, వాన పడి నిండాకే కారడం మొదలవుతుంది. ఇక్కడ ఆ వాన పనిచేసేది అడ్రినలిన్. పరిగెత్తినా, భయపడినా, బాగా కోపం వచ్చినా, పట్టరాని సంతోషం వచ్చినా ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. అప్పుడు కాల్షియం వేళ కాని వేళ బయటికి కారి, గుండె కింది గదుల నుంచి అదనపు దెబ్బలు పుట్టుకొస్తాయి. అవి ఒకదాని వెంట ఒకటి వస్తే గుండె విపరీతమైన వేగంతో కొట్టుకుంటుంది కానీ రక్తాన్ని నెట్టలేదు. మెదడుకి రక్తం అందక పిల్లాడు పడిపోతాడు. చాలాసార్లు దానంతట అదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే గుండె ఆగిపోతుంది. మీ మరిదికి ఏం జరిగిందో ఇప్పుడు ఖాయంగా చెప్పలేం గానీ, ఆ మరణాన్ని "ఎండదెబ్బ", "దిష్టి" అని పక్కన పెట్టేయకుండా ప్రశ్నలో రాశారు చూడండి, చాలా మంచి పని చేశారు. నేను ప్రతి కుటుంబాన్నీ ముందు అడిగేది అదే. చిన్న వయసులో నీళ్లలో మునిగిపోయినవాళ్లున్నారా, నిద్రలో పోయినవాళ్లున్నారా, ఆటలో పడిపోయినవాళ్లున్నారా అని. ఈత బాగా వచ్చినవాడు చెరువులో మునిగిపోయాడంటే నాకు అక్కడే అనుమానం మొదలవుతుంది.

ఈ పిల్లల గుండె ఆకారంలో లోపం ఉండదు, అందుకే ఎకో నార్మల్. విశ్రాంతిగా ఉన్నప్పుడు లయ సరిగ్గానే ఉంటుంది, అందుకే ఈసీజీ నార్మల్. కొందరిలో నాడి మామూలు కంటే కాస్త నెమ్మదిగా కూడా ఉంటుంది, దాన్ని చూసి "మంచి స్పోర్ట్స్‌మన్ గుండె" అన్నవాళ్లూ ఉన్నారు.

ఫిట్స్‌కీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది? మెదడుకి రక్తం ఆగితే కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, ఒక్కోసారి బట్టల్లో మూత్రం కూడా పోతుంది. కాబట్టి కొట్టుకోవడం ఒక్కటే చూసి ఫిట్స్ అనకూడదు. నేను మూడు విషయాలు అడుగుతాను. పడిపోయే ముందు ఏం చేస్తున్నాడు? మొహం తెల్లగా పాలిపోయిందా? లేచాక ఎంతసేపటికి మామూలుగా మాట్లాడాడు? ఫిట్స్ వచ్చిన పిల్లాడు చాలాసేపు మగతగా, అయోమయంగా ఉంటాడు. గుండె వల్ల పడినవాడు సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో లేచి "నాకేమైంది?" అని స్పష్టంగా అడుగుతాడు. గాజువాక వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి స్కూల్లో మూడో అంతస్తు మెట్లు పరుగున ఎక్కినప్పుడల్లా పడిపోయేది. చాలాకాలం ఫిట్స్ మందు వాడింది. ఆ మందు మార్చారు, డోసు పెంచారు, మెట్ల సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ట్రెడ్‌మిల్ మీద నిలబెట్టిన కొద్ది నిమిషాలకే విషయం తేలిపోయింది. ఎప్పుడూ పనిలో, పరుగులో, భయంలోనే వచ్చే ఫిట్స్ అంటే ట్రెడ్‌మిల్ చేసేదాకా నేను ఒప్పుకోను.

ట్రెడ్‌మిల్ అంటే భయపడకండి. డాక్టర్ పక్కనే ఉంటారు, షాక్ ఇచ్చే యంత్రం గదిలోనే సిద్ధంగా ఉంటుంది, వేగం మెల్లగా పెంచుతారు. ఇలా డాక్టర్ దగ్గరుండి చేసే చోటే చేయించండి. మామూలు హెల్త్ చెకప్ ప్యాకేజీలో భాగంగా టెక్నీషియన్ ఒక్కడే చేసే చోట వద్దు. నాడి నిమిషానికి 110, 130 మధ్యకి వచ్చేసరికి ఈ పిల్లల్లో అదనపు దెబ్బలు మొదలవుతాయి. ముందు ఒకటీ అరా, తర్వాత దెబ్బ విడిచి దెబ్బ, తర్వాత జంటలుగా. ఒక దెబ్బ పైకి, మరుసటి దెబ్బ కిందికి మారుతూ గీత పడితే అది ఈ జబ్బుకి దాదాపు సంతకం. పిల్లాడు పడిపోయేదాకా పోనివ్వకుండానే మెషిన్ ఆపుతారు, ఆపిన కాసేపటికి దెబ్బలు తగ్గిపోతాయి. ఒకసారి నార్మల్ వచ్చినా వదిలేయకూడదు. మళ్లీ చేయాల్సి రావచ్చు, లేదా హోల్టర్, అంటే ఒంటికి తగిలించుకుని తిరిగే చిన్న ఈసీజీ యంత్రం, పెట్టి 24 గంటలు మామూలుగా తిరగనివ్వాల్సి రావచ్చు. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తలేని చిన్న పిల్లలకి హోల్టరే దిక్కు.

ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో గుండె విభాగం ఉంది, నగరంలో పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ ఈ పరీక్ష జరుగుతుంది. ఖర్చు గురించి టెన్షన్ ఉంటే, ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర ముందే అడిగి, ఏది పథకంలో వస్తుందో తెలుసుకుని వెళ్లండి. ట్రెడ్‌మిల్ పెద్ద ఖరీదైన పరీక్ష కాదు.

అయితే సీపీవీటీ ఒక్కటే అనుకోవద్దు. లాంగ్ క్యూటీ అనే ఇంకో వంశపారంపర్య జబ్బు ఉంది, అందులోనూ పిల్లలు పరుగులో, ముఖ్యంగా ఈతలో పడిపోతారు. ఈసీజీలో క్యూటీ దూరం, అంటే ఒక దెబ్బ మొదలై గుండె మళ్లీ సిద్ధమయ్యేదాకా పట్టే సమయం, కొలిస్తే తెలుస్తుంది, కానీ కొందరిలో పడుకున్నప్పుడు అది హద్దులోనే ఉండి, పరుగు ఆపాక నాలుగైదు నిమిషాలకి సాగుతుంది. అందుకే పరుగు తర్వాతి ఈసీజీ కూడా జాగ్రత్తగా చదవాలి. మీ పాత ఈసీజీ కాగితాలు పారేయకండి, మెషిన్ ప్రింట్ చేసిన "నార్మల్" అన్న మాట కాదు, ఆ గీతలే కావాలి. మేనరికం ఇళ్లలో పుట్టుకతో చెవుడు ఉన్న బిడ్డ పడిపోతున్నాడంటే లాంగ్ క్యూటీలోనే తీవ్రమైన రకం కోసం తప్పకుండా చూడాలి. గుండె రక్తనాళం తప్పు చోటు నుంచి పుట్టడం కూడా ఆటలో పడిపోవడానికి కారణమవుతుంది. మామూలు ఎకోలో అది తప్పిపోవచ్చు, "కొరొనరీలు (గుండెకి రక్తం ఇచ్చే నాళాలు) ఎక్కడి నుంచి వస్తున్నాయో చూశారా" అని అడగండి. ఇక మీ చుట్టాల్లో ఎవరో "మా అబ్బాయికి దడ వస్తే తీగ పంపి కాల్చేశారు, పూర్తిగా పోయింది" అని చెప్పి ఉంటారు. అది పై గదుల దగ్గర అదనపు దారి వల్ల వచ్చే వేరే దడ. దానికి ఆ కాల్చే వైద్యం, అంటే అబ్లేషన్, చక్కగా పనిచేస్తుంది. సీపీవీటీకి అది మొదటి వైద్యం కాదు, ఎందుకంటే లోపం ఒక్క చోట కాదు, గుండె కండరమంతా ఉంది.

వైద్యంలో అన్నిటికంటే ముఖ్యమైనది బీటా బ్లాకర్ మాత్ర. ఇది అడ్రినలిన్ గుండె మీద చేసే పనిని అడ్డుకుంటుంది. వీటిలో నడోలాల్ మొదటి ఎంపిక, రోజుకి ఒకసారి చాలు. అది అన్ని మందుల షాపుల్లో దొరకదు కాబట్టి మన దగ్గర చాలామందికి ప్రొప్రనలాల్ రాస్తాం. అది రోజుకి రెండు మూడు సార్లు వేసుకోవాలి. అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటివి తేలిగ్గా దొరుకుతాయి గానీ ఈ జబ్బులో పిల్లలకి నడోలాల్ ఇచ్చినంత రక్షణ ఇవ్వవు. షాపువాడు "ఇదీ అలాంటిదే" అని మారిస్తే ఒప్పుకోకండి. డోసు బరువుని బట్టి ఉంటుంది, కాబట్టి పిల్లాడు ఎదిగే కొద్దీ పెంచాలి. ఎనిమిదో ఏట రాసిన డోసే పద్నాలుగో ఏటా వేసుకుంటున్నవాళ్లని చూశాను. మందు మొదలుపెట్టాక మళ్లీ ట్రెడ్‌మిల్ చేసి, అదనపు దెబ్బలు అణిగాయో లేదో చూసి తీరాలి.

మాత్ర సరిపోకపోతే ఫ్లెకనైడ్ కలుపుతాం. ఇది పాత మందే, కానీ సీపీవీటీలో పనికొస్తుందని 2009లో పరిశోధకులు చూపించారు, 2017లో వచ్చిన అధ్యయనం ఆ సంగతిని ఇంకా బలపరిచింది. బీటా బ్లాకర్ మానేసి ఇది ఒక్కటే వేసుకోవడం కాదు, రెండూ కలిపి. ఆ రెండూ చాలకపోతే ఛాతీ ఎడమవైపు చిన్న రంధ్రాలు పెట్టి, గుండెకి అడ్రినలిన్ సంకేతాలు మోసే నరాల గొలుసులో కొంత భాగం తీసేసే ఆపరేషన్ ఉంది. దాని తర్వాత ఎడమ చేతికి చెమట పట్టకపోవచ్చు, కొద్దిమందికి ఎడమ కనురెప్ప కాస్త వాలవచ్చు. మాత్రలు మాత్రం ఆ తర్వాతా కొనసాగుతాయి.

షాక్ ఇచ్చే యంత్రం, అంటే ఐసీడీ గురించి ఇంట్లోవాళ్లు తొందరపడతారు. "ఎంతైనా పెడతాం డాక్టర్ గారూ, మెషిన్ పెట్టేయండి" అంటారు. వాళ్ల ప్రేమ నాకు అర్థమవుతుంది, కానీ ఈ జబ్బులో ఐసీడీ రెండంచుల కత్తి. షాక్ తగిలితే నొప్పి, నొప్పికి భయం, భయానికి మళ్లీ అడ్రినలిన్, దానికి మళ్లీ దడ, మళ్లీ షాక్. ఈ సుడిలో పడ్డ పిల్లల బాధ చూడలేం. గుండె ఒకసారి ఆగి బతికినవాళ్లకి, అన్ని మందులూ వేసినా పడిపోయేవాళ్లకి అది అవసరం. పెట్టినా మాత్రలు తప్పవు.

నేను ఎక్కువ సమయం ఖర్చుపెట్టేది మాత్ర రోజూ వేయించడం మీదే. పడిపోవడం ఆగిన ఆరు నెలలకి ఇంట్లో ధైర్యం వస్తుంది, "పిల్లాడు బాగానే ఉన్నాడు కదా" అని మాత్ర సడలుతుంది. మాత్ర వల్ల కొంత నీరసం, చల్లని చేతులు, కలతనిద్ర రావచ్చు. పరీక్షలప్పుడు మత్తుగా ఉందని భీమిలి కుర్రాడొకడు ఎవరికీ చెప్పకుండా మానేశాడు, పరీక్షలు అయిపోయిన సాయంత్రం స్నేహితులతో ఫుట్‌బాల్ ఆడుతూ పడిపోయాడు. పక్కనున్న పిల్లల్లో ఒకడికి గుండె నొక్కడం తెలుసు కాబట్టి బతికాడు. ఇబ్బంది ఉంటే డాక్టర్‌కి చెప్పండి, రకం మారుస్తాం, వేళ మారుస్తాం. మానేయడం మాత్రం వద్దు. మన ఊరికి తుపానులు కొత్త కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత కరెంటు లేక, షాపులు తెరుచుకోక జనం ఎన్ని తిప్పలు పడ్డారో మీకు గుర్తుండే ఉంటుంది. ఇంట్లో ఎప్పుడూ నెల రోజుల మందు అదనంగా ఉండాలి. ఊరు వెళ్లినప్పుడు సగం బ్యాగులో, సగం చేతి సంచిలో.

ఉబ్బసం ఉన్న పిల్లలకి ఈ మాత్రలు ఆయాసం పెంచవచ్చు, ముందే చెప్పాలి. చిన్న పిల్లలు ప్రొప్రనలాల్ వేసుకుని ఖాళీ కడుపుతో ఉంటే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. కాబట్టి ఈ పిల్లల చేత ఉపవాసాలు చేయించకండి, జ్వరం వచ్చి ఏమీ తినకపోతే వెంటనే ఫోన్ చేయండి. ముక్కు దిబ్బడకి వాడే కొన్ని జలుబు మందులు, ఆయాసానికి వాడే కొన్ని ఇన్‌హేలర్లు, పన్ను పీకేముందు ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌లో కలిపే అడ్రినలిన్, ఎనర్జీ డ్రింకులు, ఇవన్నీ గుండెని రెచ్చగొడతాయి. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, పళ్ల డాక్టరైనా సరే, ముందు ఈ జబ్బు పేరు చెప్పండి.

ఆటల సంగతి. పోటీ ఆటలు, ఈత, సింహాచలం గిరి ప్రదక్షిణ లాంటి 32 కిలోమీటర్ల నడక వద్దు. కైలాసగిరికి మెట్ల మీద పరుగు వద్దు, రోప్‌వేలో వెళ్లొచ్చు. మెల్లగా నడవడం, స్కూలుకి వెళ్లడం, పాటలు, బొమ్మలు, చదరంగం అన్నీ చేయనివ్వండి. మందు మీద ట్రెడ్‌మిల్ బాగా వచ్చాక ఎంతవరకు ఆడొచ్చో డాక్టర్ గారు చెబుతారు. పిల్లాడిని మంచానికి కట్టేయకండి. స్కూల్లో పీఈటీ సారుకి, క్లాస్ టీచర్‌కి లిఖితపూర్వకంగా చెప్పండి, "పరిగెత్తించి శిక్షించవద్దు" అని కూడా రాయండి.

ఇప్పుడు పాప, మీ వారు, మీరు. ఈ జబ్బుకి ప్రధానంగా రెండు దారులున్నాయి. 2001లో రెండూ బయటపడ్డాయి. ఒకటి ఆర్‌వైఆర్2 జన్యువు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. ఎక్కువ మందిలో ఇదే. రెండోది కాస్క్2 జన్యువు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ చెడినవి వస్తేనే తీవ్రమైన జబ్బు, అంటే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు. మామూలుగా అరుదు, కానీ మేనరికంలో భార్యాభర్తలిద్దరికీ ఒకే తాత నుంచి ఒకే లోపం రావచ్చు కాబట్టి మీ ఇంట్లో దీన్ని తప్పకుండా చూడాలి. మీ అత్తమామలది కూడా మేనరికమేనా? అయితే మీ మరిది సంగతి కూడా ఈ లెక్కలోకి వస్తుంది. కాకపోతే మొదటి రకం అనుమానం పెరుగుతుంది, అప్పుడు మీ వారికి ఏ బాధా లేకపోయినా ఆయన జన్యువు మోస్తూ ఉండొచ్చు. "నాకేం లేదు, నేను రోజూ బీచ్ రోడ్డులో నడుస్తాను" అనడం సరిపోదు.

కాబట్టి పాపకి, మీ ఇద్దరికీ, మీ వారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకీ ఈసీజీ, ట్రెడ్‌మిల్ చేయించండి. బాబుకి జబ్బు ఖాయమైతే ముందు అతని రక్తంతో జన్యు పరీక్ష. విశాఖలోనే రక్తం తీసి పంపిస్తారు, హైదరాబాద్‌లో నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది, అక్కడ కూర్చుని వివరంగా మాట్లాడొచ్చు. అతనిలో లోపం దొరికితే మిగతావాళ్లకి ఆ ఒక్కటే వెతికితే చాలు, సులువు. దొరకకపోతే జబ్బు లేదని కాదు, అందరిలోనూ కారణం దొరకదు, ట్రెడ్‌మిల్ చెప్పిందే నమ్మాలి. పాపలో లోపం ఉందని తేలితే, ఒక్కసారి కూడా పడిపోకపోయినా మందు మొదలుపెట్టమనే నేను చెబుతాను. మొదటి లక్షణమే ఆఖరిది కావడం ఈ జబ్బులో ఉంది.

"ఆడపిల్ల, రేపు సంబంధాలు చెడతాయి, పరీక్షలు వద్దు" అని పెద్దవాళ్లు అనవచ్చు. ఈ మాట నా ముందే చాలామంది అన్నారు. వాళ్లతో గొడవ పడకుండా మీ మరిది పేరు ఒక్కసారి గుర్తుచేయండి. మీ అత్తగారికి ఆ కడుపుకోత తెలుసు, ఆవిడే ముందు ఒప్పుకుంటారని నా నమ్మకం. ఆవిడకి కూడా ట్రెడ్‌మిల్ వీలైతే చేయించండి, వయసుని బట్టి డాక్టర్ చూసి చెబుతారు.

ఇంట్లో, స్కూల్లో కనీసం ఇద్దరు గుండె నొక్కడం నేర్చుకోండి. పడిపోయి, పిలిస్తే పలకక, ఊపిరి సరిగ్గా తీసుకోకపోతే నీళ్లు చల్లుతూ, తాళం చెవి చేతిలో పెడుతూ నిమిషాలు పోగొట్టకండి. గట్టి నేల మీద పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ మందంలో మూడో వంతు దిగేలా నొక్కాలి. ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. జబ్బు ఖాయమైతే మీ డాక్టర్ చేత ఒక ఉత్తరం రాయించి లామినేట్ చేసి స్కూలు బ్యాగులో పెట్టండి. సాధారణంగా గుండె ఆగినవాళ్లకి క్యాజువాలిటీలో అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఈ పిల్లల్లో అదే దడని పెంచవచ్చు, ఆ సంగతి ఉత్తరంలో స్పష్టంగా ఉండాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత ఈసీజీలన్నీ, రుషికొండలో ఎవరైనా ఫోన్‌లో వీడియో తీసి ఉంటే అది, మూడు తరాల వంశవృక్షం ఒక కాగితం మీద గీసి తీసుకెళ్లండి. ఎవరు ఎవరిని చేసుకున్నారు, ఎవరు ఏ వయసులో, ఏం చేస్తుండగా పోయారు అన్నీ రాయండి. ట్రెడ్‌మిల్ అయ్యాక బాబు బరువు, రాసిన మందు పేరు, డోసు, నాడి ఏ వేగంలో ఉండగా అదనపు దెబ్బలు మొదలయ్యాయో ఇక్కడే రాయండి, చూసి జవాబిస్తాను.